పసివాళ్ళ మాటలూ, పెద్దవాళ్ళ డీబగ్గింగూ

ఏడాదిన్నర పిల్ల ఉన్న ఏ ఇంటికైనా వెళ్ళండి. ఆ పిల్ల మీ దగ్గరికొచ్చి, మీ మొహంలోకి చూసి, చాలా సీరియస్‌గా "తాతి" అంటుంది. మీరు తెల్లమొహం వేస్తారు. వంటింట్లోంచి వాళ్ళమ్మ వెనక్కి తిరక్కుండానే "కిటికీ తియ్యమంటోందండీ, కాకిని చూడాలిట" అంటుంది. మీకు వినిపించినవి రెండక్షరాలు, ఆవిడకి వినిపించింది ఒక పూర్తి వాక్యం. మరి ఆ తేడా ఎక్కణ్ణించి వచ్చినట్టు?

తల్లికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఈ చిన్న ప్రశ్న వెనక రెండున్నర వేల యేళ్ళ చరిత్ర ఉంది. అందులో చక్రవర్తులున్నారు, శాస్త్రవేత్తలున్నారు, ఇంటినిండా కెమెరాలు పెట్టించుకున్న ఒక ప్రొఫెసరు కూడా ఉన్నాడు. నేను భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. అయితే ఈ చరిత్ర చదువుతుంటే మన ఉద్యోగాల్లో రోజూ చూసే వ్యవహారమే కనిపించింది. ఎర్రర్ మెసేజ్ ఒక్కటే పట్టుకు కూర్చున్నవాడికి బగ్ దొరకదు. అది ఎప్పుడొచ్చింది, అంతకుముందు ఏం నొక్కారు, ఆ తర్వాత ఏమైంది అని అడిగినవాడికి దొరుకుతుంది. పిల్లల మాటల విషయంలో ఈ సంగతి తెలుసుకోడానికి లోకానికి చాలా శతాబ్దాలే పట్టింది.

మొదటి కేసు ఈజిప్టుది. క్రీ.పూ. 7వ శతాబ్దంలో అక్కడ రాజ్యం చేసిన సామెటికస్ గురించి గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ చెప్పిన కథ ఇది. ప్రపంచంలో అందరికన్నా పాత జాతి ఏదో తేల్చాలని రాజుగారికి కోరిక పుట్టింది. అప్పుడే పుట్టిన ఇద్దరు పిల్లల్ని ఒక మేకల కాపరికి అప్పగించి, వాళ్ళ ముందు ఎవరూ ఒక్క మాటా మాట్లాడకూడదని ఆజ్ఞ వేశాడు. రెండేళ్ళు గడిచాక ఒకరోజు కాపరి తలుపు తియ్యగానే ఇద్దరూ చేతులు చాచి "బెకోస్" అంటూ వచ్చారట. రాజు వాకబు చేయించాడు. ఫ్రీజియన్ భాషలో బెకోస్ అంటే రొట్టె అని తేలింది. ఇంకేం, ఈజిప్షియన్ల కన్నా ఫ్రీజియన్లే పాతవాళ్ళని తీర్పు చెప్పేశారు!

కథలో ఎంత నిజముందో పక్కన పెట్టి, రాజుగారి పద్ధతి చూడండి. ఆయన ఆ మాటని పట్టుకుని నిఘంటువు కోసం వెతికాడు. తలుపు తెరుచుకున్నప్పుడు లోపలికి వచ్చేదేమిటో చూడలేదు. వచ్చేవి మేకలు, వాటితోబాటు పాలు. ఆ పిల్లలు రెండేళ్ళుగా వింటున్నది మేకల "బే బే" ఒక్కటే కదా అని తర్వాతి వ్యాఖ్యాతలు చురక వేశారు. మేక అరుపునే పిల్లలు పాలకి పేరుగా పెట్టుకుని ఉంటే, రాజుగారి ప్రయోగంలో తేలింది జాతుల చరిత్ర కాదు, పిల్లల ఆకలి.

ఈ పిచ్చి అక్కడితో ఆగలేదు. 13వ శతాబ్దంలో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి కూడా ఇలాగే పిల్లల్ని దాదుల చేత మౌనంగా పెంచబోతే, ఆ పిల్లలంతా చనిపోయారని సలింబేనే అనే సన్యాసి రాశాడు. ఆ రాసినాయనకి చక్రవర్తి అంటే పడదు కాబట్టి మొత్తం నమ్మనక్కర్లేదు. కానీ చనిపోడానికి ఆయన చెప్పిన కారణం గమనించదగ్గది: నవ్వు మొహాలూ, చప్పట్లూ, లాలించే మాటలూ లేకుండా పిల్లలు బతకలేరని.

మన దేశానికొస్తే అక్బర్ పాదుషా వంతు. మనుషులు మాట్లాడ్డం వినికిడి వల్లే నేర్చుకుంటారని ఆయన వాదన. అది రుజువు చెయ్యడానికి కొందరు పసిపిల్లల్ని విడిగా ఒక భవనంలో ఉంచి, మాట్లాడని దాదుల చేత పెంచారు. జనం దానికి గుంగ్ మహల్, అంటే మూగ మేడ, అని పేరు పెట్టారు. 1582లో పాదుషా అక్కడికి వెళ్ళి చూస్తే ఆ పిల్లల నోట మూగవాళ్ళ శబ్దాలు తప్ప ఇంకేమీ రాలేదని అక్బర్‌నామాలో అబుల్ ఫజల్ రాశాడు. పాదుషా వాదన నెగ్గింది. ఆ పిల్లల బతుకు సంగతి మటుకు ఎవరికీ పట్టలేదు.

ఈ రాజులందరూ చేసిన పని ఒకటే: మాటకి అర్థం ఇచ్చే పరిసరాల్ని తీసేసి, ఆ తర్వాత మాటలో అర్థం వెతకడం. సర్వరు ప్లగ్ పీకేసి, లాగ్స్‌లో ఏమీ లేవేంటని ఆశ్చర్యపోయినట్టు :)

దారి మారింది 18వ శతాబ్దం చివర్లో. జర్మనీలో టీడెమన్ అనే తత్వశాస్త్రం ప్రొఫెసరు 1781లో పుట్టిన తన కొడుకు రోజురోజుకీ ఏం చేస్తున్నాడో రాసుకుని, 1787లో అచ్చు వేశాడు. ఆయన చేసిందల్లా పిల్లాణ్ణి ఇంట్లోనే ఉంచి, పక్కన కూర్చుని చూడ్డం. ఈ పద్ధతిలో మనందరికీ తెలిసిన పేరు డార్విన్. ఆయన పెద్ద కొడుకు విలియమ్ 1839 డిసెంబరులో పుట్టాడు. తండ్రి అప్పట్నించీ నోట్సు పెట్టాడు, పెట్టి పక్కన పడేశాడు. 1876లో ఫ్రెంచి రచయిత తేన్ తన కూతురు మాటలు నేర్చుకున్న తీరు గురించి వ్యాసం రాశాడు. అది ఇంగ్లీషులోకి వచ్చాక, డార్విన్ పాత నోట్సు దుమ్ము దులిపి 1877లో మైండ్ అనే పత్రికలో అచ్చు వేయించాడు. అప్పటికి పిల్లాడి వయసు 37 యేళ్ళు!

అందులో ఒక ముచ్చట ఉంది. సరిగ్గా ఏడాది నిండేసరికి పిల్లాడు తిండికి "మమ్" అని సొంతంగా పేరు పెట్టుకున్నాడు. అంతకుముందు ఆకలేస్తే ఏడిచేవాడు, ఇప్పుడు "మమ్" అంటున్నాడు. అది ఒట్టి పేరు మాత్రమే కాదు, 'తిండి పెట్టు' అనే ఆజ్ఞ కూడానని డార్విన్ గమనించాడు. తర్వాత పంచదార "షు-మమ్" అయింది. ఇంగ్లీషులో నలుపుకి వాడే మాట నేర్చుకున్నాక, నల్లగా ఉండే అతిమధురం మిఠాయి "బ్లాక్-షు-మమ్" అయింది. నల్ల-పంచదార-తిండి అన్నమాట. ఏ నిఘంటువులోనూ లేని సమాసం, అయినా ఎంత పద్ధతిగా ఉందో చూడండి. "బ్లాక్-షు-మమ్" ఒక్కటే విన్నవాడికి అది పిచ్చిమాట. "మమ్" పుట్టిన రోజునించీ లాగ్ ఉన్నవాడికి అది వ్యాకరణం.

తేన్ గారమ్మాయిదీ ఇలాంటి కథే. బాల యేసు ఉన్న చిన్న పటం చూపించి "బేబే" అని చెప్పారు. ఫ్రెంచిలో పాపాయి అని అర్థం. తర్వాత ఆ పిల్ల ఫ్రేము కట్టిన ఏ రంగుల పటాన్ని చూసినా "బేబే" అనడం మొదలుపెట్టింది. పెద్దవాళ్ళు పటంలో ఉన్న పాపాయిని చూపించామనుకున్నారు, పిల్ల మటుకు పటాన్నే చూసింది. తప్పెవరిది?

వీటన్నిట్లో నాకు బాగా నచ్చింది డార్విన్ మనవల్లో ఒకరి కథ. డార్విన్ చెప్పగా విని రోమేన్స్ అనే శాస్త్రవేత్త 1888లో పుస్తకంలో రాశాడు. ఆ పసివాడు బాతుని "క్వాక్" అన్నాడు. సరే, బాగానే ఉంది. తర్వాత నీళ్ళని "క్వాక్" అన్నాడు, బాతు నీళ్ళలో ఉంది కాబట్టి. అక్కణ్ణించి ఒక కొమ్మ పిట్టల మీదికీ పురుగుల మీదికీ పాకింది, ఇంకో కొమ్మ పారే ద్రవాలన్నిటి మీదికీ పాకింది. ఆఖరికి ఒక ఫ్రెంచి నాణెం మీద గద్ద బొమ్మ కనిపించింది. ఇక నాణేలన్నీ "క్వాక్" అయిపోయాయి. పురుగు, ద్రాక్షసారా, డబ్బు, ఈ మూడింటికీ ఒకే పేరు పెట్టిన పిల్లాడికి బుద్ధి లేదని ఎవరైనా అంటారు. ఒక్కో మెట్టూ చూస్తూ వస్తే ఏ మెట్టూ తప్పనిపించదు. రష్యన్ మానసిక శాస్త్రవేత్త వైగోట్‌స్కీ 1934లో అచ్చయిన పుస్తకంలో దీన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. చిన్నపిల్లలు గొలుసు కట్టినట్టు ఆలోచిస్తారని, ప్రతి లంకే పక్క లంకెతో కలుస్తుందే తప్ప అన్నిటికీ ఉమ్మడి లక్షణం ఉండనక్కర్లేదని ఆయన వివరణ.

ఇంతకీ మనం అచ్చమైన పెద్దల మాటలనుకునేవాటిలో ఎన్ని పిల్లల నోటినించి వచ్చాయో ఎప్పుడైనా ఆలోచించారా? అమ్మ, నాన్న, అక్క, అత్త, తాత, మామ. వీటిలో నోటికి కష్టమైన శబ్దం ఒక్కటీ లేదు. రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త 1960 ప్రాంతంలో దీని గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. పసివాళ్ళకి ముందు పలికేవి పెదాలతోనూ నాలుక కొసతోనూ వచ్చే శబ్దాలు. వాళ్ళు ఏదో ఒకటి పలుకుతారు, పెద్దవాళ్ళు "అదిగో, నన్నే పిలిచింది" అనుకుంటారు. అందుకే ఎక్కడెక్కడి భాషల్లోనూ తల్లిదండ్రుల పేర్లు ఒకేలా వినిపిస్తాయి. కానీ ఎవరి పేరు ఎవరికి పెట్టారన్నది ఆ ఊరి ఇష్టం. మనకి "మామ" అంటే మేనమామ, జార్జియా దేశంలో "మామ" అంటే తండ్రి. మనకి "తాత" తండ్రికి తండ్రి, పోలండులో "తాతా" అంటే తండ్రే. మన "నాన్న" దగ్గర ఒక అక్షరం సాగదీస్తే హిందీవాళ్ళ "నానా", అమ్మకి తండ్రి. శబ్దం పిల్లలది, అర్థం ఇంట్లోవాళ్ళది.

పెద్దవాళ్ళు ఊరికే కూర్చోలేదు, తమ వైపునించి కూడా ఒక మెట్టు దిగారు. బువ్వ, లాల, జేజ, బజ్జో, ఉచ్చ. వీటిని పిల్లల భాష అంటాం గానీ, పెద్దలు పిల్లల కోసం తయారు చేసిపెట్టిన భాష ఇది. అమెరికన్ భాషావేత్త ఫెర్గూసన్ 1964లో మరాఠీతో సహా ఆరు భాషల్లో ఇలాంటి మాటల్ని పోల్చి చూశాడు. చిన్న మాటలు, జంటగా వచ్చే అక్షరాలు, సులువైన శబ్దాలు, తిండీ స్నానం నిద్రా లాంటి రోజువారీ అవసరాలు: ఒకదానికొకటి సంబంధం లేని భాషల్లో కూడా ఇదే తంతు. మన భాషలో చెప్పాలంటే, కొత్త క్లయింటుకి పూర్తి ఏపీఐ ఇవ్వకుండా ఐదారు కాల్స్‌తో ముందు ఒక చిన్న వెర్షన్ ఇవ్వడం.

ఇక పిల్లలు "కుక్క"ని "తుత్త" అనడం సంగతి. వాళ్ళకి అలాగే వినిపిస్తోందనుకుని మనం కూడా "తుత్త తుత్త" అంటాం. 1960లో బెర్కో, బ్రౌన్ అనే పరిశోధకులు రాసిన చిన్న ఉదంతం ఈ అపోహని పోగొట్టింది. ఒక పిల్లాడు తన చేప బొమ్మని "ఫిష్" అనలేక "ఫిస్" అంటున్నాడు. పెద్దాయన "ఇది నీ ఫిసా?" అని అడిగితే, "కాదు, నా ఫిస్" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా కాదనే. చివరికి "నీ ఫిషా?" అంటే, "ఆఁ, నా ఫిస్!" అని ఒప్పుకున్నాడు. అంటే లోపల ఉన్న మాట సరైనదే, నోరే ఇంకా సహకరించట్లేదు. తెలుగు పిల్లలదీ అదే గోల. 'క' పలకాల్సిన చోట 'త' పలుకుతారు చాలామంది. తెలంగాణలో కాక ఉన్న ఇంట్లో పిల్ల "తాత" అంటే పిలిచింది తాతనా కాకనా అన్నది శబ్దాన్ని బట్టి చెప్పలేం. ఆ పిల్ల ఎటు చూస్తోందో చూడాలి.

మాటలే రానప్పటి కథ ఇంకా విచిత్రం. హాలిడే అనే భాషావేత్త తన కొడుకు నైజెల్ పలుకులన్నిటినీ కాగితం, పెన్సిలుతో రాసుకుని 1975లో పుస్తకం వేశాడు. తొమ్మిది పది నెలలప్పుడు ఆ పిల్లాడు చేసే చప్పుళ్ళలో ఇంగ్లీషు మాట ఒక్కటీ లేదు. అయినా "అది నాకివ్వు" అన్నప్పుడు ఒక చప్పుడు, "నేను చెప్పినట్టు చెయ్యి" అన్నప్పుడు ఇంకోటి, "ఇదుగో నువ్వూ నేనూ" అన్నప్పుడు మరోటి, పద్ధతిగా వాడుతున్నాడు. భాష రాకముందే భాష చేసే పనులు వచ్చేశాయన్నమాట. కాబట్టి "ఈ మాటకి అర్థమేంటి" కన్నా "ఈ మాటతో ఏం పని చేయించుకుంటోంది" అన్నది మంచి ప్రశ్న.

అంత దగ్గరగా చూసినా మన ఊహ సరైందని గ్యారంటీ ఏంటి అని మీరడగొచ్చు. క్వైన్ అనే తత్వవేత్త 1960లో ఇదే అడిగాడు. తెలియని భాష మాట్లాడే మనిషి పరిగెత్తే కుందేలుని చూసి "గవగాయ్" అన్నాడనుకోండి. కుందేలు అన్నాడా, కుందేలు ముక్క అన్నాడా, కుందేలుతనం అన్నాడా? ఎంత చూసినా ఒక్క అర్థమే ఖాయం చెయ్యలేం అంటాడాయన. తర్కంగా చూస్తే నిజమే. కానీ ఇంట్లో జరిగేది వేరు. తల్లి ఊహిస్తుంది, నీళ్ళిస్తుంది. పిల్ల గ్లాసు తోసేస్తుంది. బంతి ఇస్తుంది, నవ్వుతుంది. బిల్డు పాసైంది. పిల్లే టెస్టరు, మొహమాటం లేని టెస్టరు. ఆ మధ్యలో రోజుకి వందసార్లు తిరిగే ఈ చక్రమే అర్థాన్ని తయారు చేస్తుంది.

ఆ చక్రం తిరగకపోతే ఏమవుతుందో చెప్పే కేసు 1977లో అమెరికాలోని శాన్‌డియెగోలో బయటపడింది. ఇద్దరు కవల ఆడపిల్లలు. ఒకరినొకరు పోటో, కబెంగో అని పిలుచుకునేవాళ్ళు. వాళ్ళ మాటలు ఎవరికీ అర్థం కావు, వాళ్ళిద్దరూ మటుకు గడగడా మాట్లాడుకుంటారు. పసితనంలో ఫిట్స్ రావడంతో వీళ్ళు మందబుద్ధులు కావచ్చని పెద్దవాళ్ళకి చెప్పారు. దాంతో పిల్లల్ని పెద్దగా బయటికి పంపలేదు, బడికీ పంపలేదు. ఎక్కువసేపు జర్మన్ మాట్లాడే అమ్మమ్మ దగ్గరే ఉండేవాళ్ళు. సంగతి బయటపడగానే పత్రికలు "కొత్త భాష కనిపెట్టిన కవలలు" అని గోల చేశాయి. సామెటికస్ బతికుంటే సంబరపడేవాడు. భాషావేత్తలు టేపులు పెట్టుకుని, నెమ్మది చేసి, మళ్ళీ మళ్ళీ విన్నారు. తేలిందేమిటంటే అది కొత్త భాషా కాదు, పిచ్చిమాటలూ కావు. ఇంగ్లీషూ జర్మనూ కలిసి, నలిగి, వేగంగా పలికిన మాటలు. ఒకే మాటని ఒక్కోసారి ఒక్కోలా పలికేవాళ్ళు, ఎందుకంటే "ఏంటమ్మా, మళ్ళీ చెప్పు" అని అడిగి సరిచేసినవాళ్ళు లేరు. పిల్లల బుద్ధి గురించి వేసిన అంచనా కూడా తప్పేనని తేలింది. వీళ్ళ మీద గోరాన్ అనే దర్శకుడు 1980లో డాక్యుమెంటరీ తీశాడు.

నాకు ఈ కథ అక్బర్ మూగ మేడ కన్నా ఎక్కువ భయం వేస్తుంది. అక్కడ పిల్లలకి మాట వినిపించకుండా కావాలని చేశారు. ఇక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. "వాళ్ళు మాట్లాడేది మాటలు కావు" అని ఒకసారి అనేసుకున్నాక ఎవరూ వినలేదు, అంతే.

ఇక మన కాలపు రాజు డెబ్ రాయ్. అప్పట్లో ఎంఐటీలో ప్రొఫెసరు. 2005లో కొడుకు పుట్టినప్పుడు ఇంటి కప్పుల్లో 11 కెమెరాలు, 14 మైకులు పెట్టించాడు. మూడేళ్ళలో దాదాపు 90 వేల గంటల వీడియో, లక్షా 40 వేల గంటల ఆడియో, మొత్తం 200 టెరాబైట్ల డేటా. పిల్లాడు "గాగా" అనే మాట ఆర్నెల్లలో మెల్లగా "వాటర్"గా మారడాన్ని 2011లో ఒక ఉపన్యాసంలో దాదాపు నలభై సెకన్లలో వినిపించాడు. ఆ డేటాలో తేలిన రెండు సంగతులు చూడండి. ఒకటి, పిల్లాడు ఒక మాట నేర్చుకునే సమయానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఆ మాట వాడే వాక్యాలు తమకి తెలియకుండానే చిన్నవైపోయాయి, నేర్చుకున్నాక మళ్ళీ పెద్దవయ్యాయి. రెండు, 2015లో అచ్చయిన విశ్లేషణ ప్రకారం, ఇంట్లో ఒక ప్రత్యేకమైన చోట, ప్రత్యేకమైన వేళ, ప్రత్యేకమైన సందర్భంలో వినిపించే మాటలు పిల్లాడి నోట ముందు వచ్చాయి. ఇంతా చేసి 200 టెరాబైట్లు చెప్పింది ఇదీ: మాటకి ఊపిరి దాని సందర్భం. మన అమ్మమ్మలు వింటే "దీనికి కెమెరాలెందుకు నాయనా" అనేవాళ్ళు :)

ఇదంతా మనకెందుకంటే, మనలో చాలామంది ఇళ్ళల్లో ఆ సందర్భమే ముక్కలైపోయింది. తల్లిదండ్రులిద్దరూ ఆఫీసుల్లో, పిల్ల డే-కేర్‌లో, తాతయ్యా అమ్మమ్మా వీడియో కాల్‌లో. డాలస్‌లోనో లండన్‌లోనో డే-కేర్ టీచరు దగ్గరికెళ్ళి ఒక తెలుగు పిల్ల "నీయు" అంటుంది, "ఉచ్చ" అంటుంది. ఆవిడకి అవి ఒట్టి చప్పుళ్ళు. ఆ పిల్లకి అవి గొప్ప ఇంజనీరింగు చేసి సాధించుకున్న మాటలు. నాలుగుసార్లు జవాబు రాకపోతే ఏడుస్తుంది, "బాగా పేచీ పెడుతోంది" అని సాయంత్రం మనకి రిపోర్టు వస్తుంది. వెర్నర్ లియోపోల్డ్ అనే జర్మన్ ప్రొఫెసరు అమెరికాలో తన కూతురితో జర్మన్ మాట్లాడుతూ, తల్లి ఇంగ్లీషు మాట్లాడుతుండగా, ఆ పిల్ల పలుకులన్నీ 1939 నించి 1949 దాకా నాలుగు సంపుటాలుగా అచ్చు వేశాడు. రెండు భాషల ఇంట్లో ఆ పిల్ల మాటలు అర్థమయ్యాయంటే వినేవాడికి రెండూ వచ్చు కాబట్టి.

మనం నాలుగు సంపుటాలు రాయక్కర్లేదు. ఒక కాగితం మీద మూడు గడులు చాలు: పిల్ల ఏమంది, అప్పుడు చుట్టూ ఏం జరుగుతోంది, ఏమిస్తే ఊరుకుంది. వారానికోసారి అందులోంచి పది మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి డే-కేర్ టీచరుకివ్వండి, అవే తాతయ్యకి వాట్సాప్ చెయ్యండి. అలాంటి ఓ పది మాటల కాగితం ఇంట్లో గంటలు గంటలు చెప్పే పద్యాల కన్నా ఎక్కువ తెలుగు నిలబెడుతుందని నా నమ్మకం. తన తెలుగు మాటకి అవతలివైపునించి జవాబు వచ్చిన పిల్ల ఆ మాటని వదలదు. జవాబు రాని మాట రెండు నెలల్లో పోతుంది, దాని చోట ఇంగ్లీషు మాట వచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాత పన్నెండేళ్ళకి "మా పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదండీ" అని అందరం నిట్టూరుస్తాం.

ఇప్పటి స్పీచ్ రికగ్నిషన్ మోడళ్ళు పెద్దవాళ్ళ మాటల్ని బాగానే రాసిపెడుతున్నాయి, పసివాళ్ళ దగ్గర మటుకు ఇంకా తడబడుతున్నాయి. రేపెప్పుడో అదీ వస్తుందేమో. వచ్చినా అది చెప్పేది మాటనే. నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చి, కాదంటే బంతి తెచ్చిచ్చి, నవ్వేదాకా ఆగే పని ఇంట్లో మనుషులదే. రెండేళ్ళ వయసులో తన మాట ఎవరో కష్టపడి అర్థం చేసుకున్నారని తెలిసిన పిల్ల, మాట్లాడితే ఉపయోగం ఉందని నేర్చుకుంటుంది. ఏ భాషకైనా అదే మొదటి పాఠం.